బంగారం పూయని కలం

కోనసీమలో మా గన్నవరం ఇంట్లో తాతగారి పెన్ను ఒకటుంది. కొన్నప్పుడు నల్లనిదే. ఇప్పుడు బెల్లప్పాకం రంగుకు తిరిగింది. క్లిప్పు చాటున, వెలుతురు సోకని చోట మాత్రం ఇంకా నలుపే. ఒంటిమీద చెక్కిన పేరు అరిగిపోయింది, ఎవరు చేశారో తెలీదు. ఎవరు చేసినా ఇంతే, ఎబొనైట్ గుణమది. రబ్బరులో గంధకం దట్టంగా కలిపి ఉడికిస్తే కొమ్ములా గట్టిపడుతుంది. చేతికి చల్లగా తగలదు, వేళ్లలోంచి జారదు. కానీ ఎండా గాలీ తగిలేకొద్దీ నలుపు విరిగిపోతుంది.

1920ల్లో జపాన్‌లో నమికి ర్యోసుకెకూ ఇదే తలనొప్పి. పైలట్ పెన్నులకు మూలపురుషుల్లో ఒకడాయన. మందు ఆ దేశంలోనే దొరికింది: ఉరుషి. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు పెట్టేది, ఉరుషి మాత్రం చెట్టు పాలు. మామిడి, జీడిమామిడి కుటుంబమే ఆ చెట్టూ. చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడికి దగ్గరి చుట్టం, అందుకే పచ్చిది ఒంటికంటితే అలాగే పొక్కుతుంది. వింతేమిటంటే, ఇది ఎండలో ఆరేది కాదు. తేమ పట్టిన పెట్టెలో ఉంచితేనే బిగుస్తుంది. మా కోనసీమ శ్రావణమాసం దానికి పుట్టిల్లులా ఉండేది! పూత తడిగా ఉండగానే బంగారు రజను చల్లి బొమ్మ తేల్చే పనిని 'మకి-ఎ' అంటారు. 1930లో లండన్ డన్‌హిల్ కంపెనీతో ఒప్పందం కుదిరాక ఆ పెన్నులు దొరల జేబుల్లోకి ఎక్కాయి.

ఈ విద్య పెన్నుతో పుట్టింది కాదు. సిరా అరగదీసే రాయి, కుంచెలు దాచుకునే రాతపెట్టెల మీద వందల ఏళ్లుగా ఉన్నదే. వాటిని సుజురిబాకో అంటారు. 17వ శతాబ్దంలో హొనామి కోఎత్సు చేసిన పెట్టె మూత గుమ్మడికాయ వీపులా ఉబ్బి ఉంటుంది. అలల మీద పడవల వరస, వాటి మీదుగా అడ్డంగా సీసపు పట్టీతో వంతెన. ఒక పాత పద్యాన్ని వెండి అక్షరాల్లో పొదిగి, అందులో 'పడవల వంతెన' అన్న మాట మాత్రం వదిలేశాడు. బొమ్మ ఉందిగా, దాన్నే చదువుకోమన్నాడు. మా ఊళ్లో కింద వైనతేయ పాయ, పైన కాలవ పారే అక్విడెక్టు చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ పెట్టె నాకెందుకో పరాయిదనిపించదు.

నమికి పెన్నులకు ఉరుషి పూయిస్తున్న ఆ రోజుల్లోనే, అదే ఎబొనైట్‌తో, రావులపాలెం మీదుగా గోదావరి దాటితే వచ్చే రాజమండ్రిలో ఇంకొకాయన కుస్తీ పడుతున్నాడు. కోసూరి వెంకటరత్నం. అచ్చులు చెక్కడంలో చెయ్యి తిరిగినవాడు. 1921లో గాంధీని కలిసి తన పనితనం చూపిస్తే, మామూలు జనానికి అక్కరకొచ్చేది ఏదైనా చెయ్యమని ఆయన అన్నారని చెప్పుకుంటారు. 1932 నాటికి రత్నం పెన్నులు మొదలయ్యాయి.

ఆయన పనిచేసిన గదిని నా ఊహకొద్దీ చెబుతున్నాను. లేత్ తిరుగుతోంది. నల్లటి కడ్డీ మీద ఉలి ఆనగానే సన్నటి చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతోంది, గంధకం వాసన గుప్పుమంటోంది. మధ్యలో ఇంకు నిలిచే బోలు తొలిచాడు. మరలు కోశాడు. మూత తిప్పి చూశాడు, బిగువుగా ఉంది. విప్పి మళ్లీ తిప్పాడు. పాళీ కింద ఉండే నాలుక అన్నింటికన్నా పెంకిది. గాడి వెంట్రుకవాసి ఎక్కువైతే కాగితం మీద కక్కుతుంది, తక్కువైతే మొరాయిస్తుంది. వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ ఒక గీత గీశాడు. చెక్కడం తెలిసిన చెయ్యి, ఓ తీగో పువ్వో దించడం ఎంతసేపు? దించలేదు. మెరుగు పట్టి ఊరుకున్నాడు.

మెరుగు గురించి కాదు ఆయన భయం. అవతల ఉన్నది గాంధీ, అడిగేది ఒక్కటే: ఇందులో ఏ ముక్కైనా సముద్రం దాటి వచ్చిందా? అంతకుముందు పంపిన పెన్నులో విదేశీ భాగం ఉందని వెనక్కి వచ్చిందనీ అంటారు. నన్నడిగితే పువ్వులు చెక్కడం కన్నా ఆ ప్రశ్నకు జవాబివ్వడమే గట్టి పరీక్ష.

ఈసారి పెన్ను అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం కుమారప్ప చేతుల మీదుగా వార్ధా చేరింది. 1935 జూలైలో గాంధీ జవాబు రాశారు: వాడి చూశాను, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా బాగానే పనికొచ్చేటట్టుందని. పొగడ్తలు పెద్దగా లేవు. రాజమండ్రిలో ఆ ఉత్తరం గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

ఇదంతా విని మా అత్తయ్య తాతగారి పెన్ను అందుకుంది. "జపానోళ్ల పూతలు మనకెందుకురా" అంటూ అరచేతిలో కొబ్బరినూనె చుక్క వేసుకుని, పెన్నుకు పట్టించి, పైటకొంగుతో తుడిచింది. సాయంత్రం దాకా నల్లగానే ఉంది.