సన్నబియ్యపు వంశచరిత్ర

హైదరాబాదు పురానాపూల్ పరిసరములందలి కిరాణా దుకాణములలో బస్తాలకొలది అమ్ముడుపోవుచున్న సన్నబియ్యము ఏ శాస్త్రకృషికి ఫలమని ప్రశ్నించినచో, తైవాను నుండి వచ్చిన తైచుంగ్ నేటివ్-1, ఫిలిప్పీన్సున 1966లో వెలువడిన ఐఆర్-8 అను పొట్టివంగడములను జూపి, మన వరి చరిత్ర అచ్చటనే ఆరంభమైనట్లు చెప్పుట పరిపాటి యైనది. ఈ కథనము అసత్యము కాదు. కాని మిక్కిలి అసమగ్రము.

కోయంబత్తూరున 1912లో వరి పరిశోధనాకేంద్రము నెలకొనుట, అచ్చటి నుండి 1921లో జీఈబీ-24 అను వంగడము వెలువడుట, 1925లో మారుటేరు కేంద్రము స్థాపితమగుట, 1965లో రాజేంద్రనగరము ముఖ్యస్థానముగా అఖిలభారత సమన్వయ వరి పథకము ప్రారంభమై మూడేండ్లకే ‘జయ’ వంగడమును అందించుట సుప్రసిద్ధములు.

చరిత్రకారులు రెండు వాక్యములలో ముగించు ఘట్టము వేరొకటి కలదు. ఎరువునకు చక్కగా స్పందించు జపానికా జాతిని మన ఇండికా జాతితో సంకరపరుపవలెనను సంకల్పముతో, కటకమున వరి శాస్త్రవేత్త కె. రామయ్యగారి ఆధ్వర్యవమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1950 ప్రాంతమున ఒక బృహత్ప్రయత్నము మొదలైనది. పువ్వు విచ్చకముందే పొట్టుకొనను కత్తెరతో ఖండించి, ఆరు కేసరములను పట్టకారుతో తొలగించి, కాగితపు సంచి తొడిగి, పిదప వేరొక జాతి పుప్పొడిని రాల్చుచు వందలకొలది సంకరములు చేసిరి. సంతతి వెన్నులలో తాలే అధికమైనది. తుదకు నిలిచిన వంగడములు ఏడీటీ-27, మషూరి మొదలగు నాలుగు మాత్రమే. కనుక ఇది విఫలయత్నమని తీర్పు చెప్పిరి.

ఆ తీర్పు తొందరపాటని నా నిశ్చితాభిప్రాయము. మలయాలో స్థిరపడి 1965లో విడుదలైన ఆ మషూరియే మన నేలకు వచ్చి, వశిష్ఠ అను వంగడముతో కలిసి 1982లో మారుటేరు ‘స్వర్ణ’కును, జీఈబీ-24, తైచుంగ్ నేటివ్-1 లతో కలిసి 1986లో బాపట్ల ‘సాంబమషూరి’కిని జనకస్థానము వహించినది. సాంబమషూరి పొట్టితనము తైవాను దానమే యని ఒప్పుకొనవలెను. కాని పొట్టిచేను పంటను నిలబెట్టునే గాని అన్నమునకు రుచి నీయదు. సాంబమషూరి రుచికిని సన్నదనమునకును మూలమును జీఈబీ-24, మషూరి లందు వెదకుటయే న్యాయము.

వర్తమానమును గూర్చి నాకు హర్షముతోపాటు శంకయు కలదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము (సీసీఎంబీ), రాజేంద్రనగరపు వరి పరిశోధనాలయము కలిసి, ఆఫ్రికా అడవివరి నుండి వచ్చిన జన్యువుతో సహా మూడింటిని సాంబమషూరిలో ప్రవేశపెట్టి, ఆకు ఎండు తెగులును తట్టుకొను రూపమును 2008లో వెలువరించుట శ్లాఘనీయము. అయినను ఒకే ప్రియవంగడమును మరమ్మతు చేయుచు పోవుట వంశవిస్తరణము కానేరదు. ఈ ఏకరూపత పొలమునందే గాక కంచమునందును కలదు. పటాన్‌చెరువున 1972లో వెలసిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పంటల పరిశోధనాసంస్థ విత్తనభాండారమున జొన్న, కంది, సెనగ మొదలగువాని రకములు లక్షకు పైగా ఉండగా, నగరవాసి కంచమున తెల్లని అన్నమొక్కటే రాజ్యమేలుట ఆ సంపదకు తగిన గౌరవము కాదు.

ఒక సంకరము విలువ దాని గడువు ముగిసిననాడు తేలదు. మనుమల తరమున తేలును. కావున కొద్ది యేండ్ల పథకములలోనే ఫలితమును కోరువారు, కటకపు ‘వైఫల్యము’ మనకు పెట్టిన అన్నమును లెక్కలోనికి తీసికొన్న పిమ్మటనే పరిశోధనకు కాలపరిమితి విధింపవలెను.