జపాను ఆచారాలు – అమెరికా వ్యాఖ్యాతలు

నా దగ్గర చదువుకొని ఉద్యోగంలో చేరిన ఒక విద్యార్థి ఈమధ్య ఇంటికి వచ్చి చిన్న పుస్తకం ఒకటి చూపించాడు. జపానుకు పంపే ఉద్యోగులకు అతని కంపెనీ పంచిపెట్టే పుస్తకమది. రాసింది అమెరికా ఉద్యోగుల కోసం. మనవాళ్ళకూ అదే ఇచ్చారు. విజిటింగు కార్డు ఇచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులూ వుపయోగించాలి. ఇంట్లో అడుగు పెట్టేముందు చెప్పులు విడవాలి. అన్నం గిన్నెలో పుల్లలు నిలువుగా గుచ్చరాదు. అది చనిపోయినవారికి పెట్టే పద్ధతి. ఇలా ముప్ఫై పేజీలు నడిచి, చివరి పేజీలో పుస్తకం ఒక సిద్ధాంతానికి వస్తుంది: జపానువాడు స్వభావం చేతనే విధేయుడు, మేలు చేసిన యజమానికి జన్మాంతం ఋణపడి వుంటాడు.

“చెప్పులు విడవమని చెప్పటానికి ఒక పేజీ ఎందుకండీ మేష్టారూ?” అని అతను నవ్వాడు. నిజమే, మన గడపలో పుట్టిన పసివాడికి ఆ సంగతి ఎవరూ రాసి చెప్పరు. పెద్దలకు రెండు చేతులతో ఇవ్వటం, చనిపోయినవారి పేర అన్నం పెట్టటం మనకు వింతలు కావు. వింత అనేది ఆచారంలో లేదు, చూసేవాడి కంటిలో వున్నది. కాని నన్ను పట్టుకున్న ప్రశ్న అది కాదు. చెప్పుల దగ్గర బయలుదేరిన పుస్తకం యజమాని దగ్గర ఎలా తేలింది? ఈ దారి ఎవరు వేశారు?

1853లో పెర్రీ యుద్ధనౌకలు వచ్చి జపాను తలుపులు తట్టిన నాటినుంచీ ఆ దేశాన్ని అమెరికనులకు వివరించి చెప్పటం ఒక వృత్తి అయింది. 1890లో జపాను చేరి, అక్కడి స్త్రీని పెళ్ళాడి, కోయిజుమి యాకుమొ అనే పేరుతో అక్కడి పౌరుడైన లాఫ్కాడియో హెర్న్ ఆ దేశపు దయ్యాల కథలనూ, దీపాల పండుగలనూ ప్రేమతో రాశాడు. ఆయన రాతల్లో ముగ్ధత్వం ఎక్కువ, అపకారం తక్కువ. అసలు దారి వేసిన పుస్తకం వేరే వున్నది. అది ఒక జపానీయుడే రాశాడు.

నితోబె ఇనాజో క్రైస్తవుడు, క్వేకరు శాఖవాడు. భార్య ఫిలడెల్ఫియా ఆడపడుచు. మత బోధన లేని మీ బడుల్లో నీతి ఎలా నేర్పుతారని ఒక బెల్జియం పండితుడు ఎప్పుడో వేసిన ప్రశ్నకూ, మీవాళ్ళు ఇలా ఎందుకు చేస్తారని భార్య తరచు వేసే ప్రశ్నలకూ సమాధానంగా ఆయన అమెరికాలో కూర్చుని ఇంగ్లీషులో ‘బుషిదో’ రాశాడు. 1900లో అది ఫిలడెల్ఫియాలో అచ్చయింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు చదివి, మెచ్చి, ప్రతులు తెప్పించి మిత్రులకు పంచాడు. జపాను ఆత్మను ఆవిష్కరిస్తున్నానని చెప్పుకున్న ఈ గ్రంథం జపాను భాషలోకి 1908లో గాని అనువాదం కాలేదు. అందులో వర్ణించిన నీతి సమురాయిలది. కుటుంబాలతో సహా లెక్కించినా వారు జనాభాలో నూటికి ఏడెనిమిది మందికి మించరు. తక్కినవారు పొలం దున్నినవారు, చేపలు పట్టినవారు, నేత నేసినవారు. వీరి నీతి ఏమిటని రూజ్వెల్టు అడగలేదు, నితోబె చెప్పలేదు.

అప్పటికే ఆ పిడికెడు మంది నీతిని జాతి మొత్తానికి తొడిగే పని రాజ్యం ప్రారంభించింది. 1873లో నిర్బంధ సైనిక సేవ వచ్చినప్పుడు రైతులు దాన్ని ‘రక్తపు పన్ను’ అని తిట్టి తిరగబడ్డారు. పుట్టుకతోనే విధేయులైతే తిరుగుబాటు ఎందుకు? 1875లో గాని సామాన్యులందరికీ ఇంటిపేరు తప్పనిసరి కాలేదు. 1890లో చక్రవర్తి పేర వెలువడిన విద్యాశాసనాన్ని బడిపిల్లలచేత తలవంచి వినిపించారు. 1898 నాటి పౌరస్మృతి సమురాయి కుటుంబపు పద్ధతిని చట్టం చేసి, కూతురి పెళ్ళినుంచి కొడుకు కాపురం వుండే చోటు దాకా ఇంటి యజమాని చేతిలో పెట్టింది. షింతో మందిరంలో జరిగే వివాహాన్ని అనాది సంప్రదాయమని యాత్రికులకు చూపిస్తారు. 1900లో యువరాజు పెళ్ళి ఆ పద్ధతిలో జరిగిన తరువాతనే అది జనంలోకి పాకింది. ఆచారాలకు పుట్టిన తేదీలు వుంటాయి. వాటిని చెరిపివేసినప్పుడే అవి ‘జాతి స్వభావం’గా కనబడతాయి. ఈ మాయను జపానులోనే పట్టుకున్నవాడు మార్క్సిస్టు తత్వవేత్త తొసాకా జున్. జపాను భావజాలాన్ని విమర్శిస్తూ 1935లో గ్రంథం రాశాడు. 1945 ఆగస్టు 9న, నాగసాకిపై బాంబు పడిన రోజునే, జైలులో చనిపోయాడు.

ఇక రూత్ బెనెడిక్టు సంగతి. 1944 జూనులో అమెరికా యుద్ధ సమాచార శాఖ, జపానువారు ఎటువంటివారో, ఎంతవరకు పోరాడతారో తేల్చి చెప్పమని ఈమెకు పని అప్పగించింది. ఆమె జపాను చూడలేదు, ఆ భాష రాదు. సినిమాలు చూసింది, అనువాదాలు చదివింది, అమెరికాలో వున్న జపానీయులను ప్రశ్నించింది. 1946లో వెలువడిన ఆమె గ్రంథం పేరుకు ‘చేమంతీ ఖడ్గమూ’ అని అర్థం. జపానును వివరించిన పుస్తకాలలో ఇంతగా చెలామణీ అయినది మరొకటి లేదు.

ఆమెను తేలికగా కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. జపానువాణ్ణి కోతిగా, ఎలుకగా చిత్రిస్తున్న కాలమది. 1942 ఫిబ్రవరి 19 ఉత్తరువుతో సుమారు లక్షా ఇరవై వేలమందిని, మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే, పడమటి తీరంనుంచి తరలించి ముళ్ళకంచెల వెనుక పెట్టారు. అటువంటి సమయంలో, వీరు మృగాలు కారు, వీరి నడవడికి ఒక అంతరార్థం వున్నది అని చెప్పటానికి ధైర్యం కావాలి. జాతులలో హెచ్చుతగ్గులు లేవని 1943లో సహ రచయిత్రితో కలిసి ఆమె రాసిన చిన్న పుస్తకాన్ని సైన్యంలో పంచనివ్వలేదు. జపాను సైనికవాదంపై నాకు జాలి లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద దాని బాంబులు పడ్డ సంగతి మనం మరువలేదు. అయినా శత్రువును మనిషిగా చూసినందుకు బెనెడిక్టుకు నమస్కరిస్తాను.

చిక్కు ఆ తరువాత వున్నది. ఆమె పనిచేసిన విభాగానికి నాయకుడు అలెగ్జాండర్ లైటన్. అంతకు ముందు ఆయన ఆరిజోనాలోని పోస్టన్ నిర్బంధ శిబిరంలో ఆ బందీలనే పరిశోధించాడు. కంచె వెనుకవాణ్ణి పిలిచి మీ జాతి పద్ధతులు చెప్పమంటే ఏం చెబుతాడు? బడిలో వల్లె వేయించిన పాఠం చెబుతాడు. జరగవలసినది చెబుతాడు గాని జరిగినది చెప్పడు. ఆ పాఠాన్ని ఆమె ఒక జాతి మనస్సుగా స్వీకరించింది.

ఆమె గ్రంథానికి వెన్నెముక ‘ఓన్’ అనే మాట. తల్లిదండ్రులనుంచి, గురువునుంచి, యజమానినుంచి, చక్రవర్తినుంచి పొందిన మేలు ఒక భారం. దాన్ని తీర్చటమే బ్రతుకు. అమెరికనుకు నచ్చజెప్పటానికి ఆమె చాలా పేజీలు వెచ్చించవలసి వచ్చింది. మనకు ఒక్క మాట చాలు: ఋణం. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం వల్లించినవాళ్ళం; ‘ఉప్పు తిన్న విశ్వాసం’ ఎవరు ఎవరినుంచి కోరతారో కూడా ఎరిగినవాళ్ళం.

ఉదాహరణకు ఆమె నత్సుమె సోసెకి 1906లో రాసిన ‘బొత్చాన్’ నవలను తీసుకున్నది. నేను సాహిత్యం బోధించేవాణ్ణి కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. నెలకు నలభై యెన్ల జీతం మీద పల్లె బడికి ఉపాధ్యాయుడుగా వచ్చిన టోక్యో కుర్రవాడు కథానాయకుడు. తోటి ఉపాధ్యాయుడు ఒకసారి అతనికి ఐసునీళ్ళు తాగించాడు, ఖరీదు ఒకటిన్నర సెన్లు. తరువాత ఆ మనిషి తన వెనుక చెడు మాట్లాడాడని విని, వాడి ఋణం నాకెందుకని డబ్బు తెచ్చి బల్ల మీద పెడతాడు. ఇంత చిన్నదానికి ఇంత కుతకుతలాడటం అమెరికాలో మనోరోగులలోనో కుర్రమూకలలోనో గాని కనబడదు, జపానులో ఇది సుగుణం అంటుంది బెనెడిక్టు. సోసెకి ఆ కుర్రవాణ్ణి చూసి నవ్వుతున్నాడన్న సంగతి ఆమెకు అంతగా పట్టలేదు.

అంతకన్న ముఖ్యమైనది అదే పేజీలో వున్నది. కియొ అనే ముసలి పనిమనిషి దగ్గర ఈ నాయకుడు అయిదేళ్ళ క్రితం మూడు యెన్లు తీసుకున్నాడు. యెన్నుకు నూరు సెన్లు; అంటే ఐసునీళ్ళకు రెండు వందల రెట్లు. అది ఇంతవరకు తీర్చలేదు. తీర్చనక్కరలేదు, కియొ నాలో భాగం అంటాడు. ఇది ప్రేమ అని బెనెడిక్టు అన్నది. ప్రేమ కాదని నేను అనను. ఆ ముసలామెను సోసెకి ఎంత ఆర్ద్రంగా చిత్రించాడో చదివినవారికి తెలుసు. కాని పద్దు చూడండి. తోటివాడి ఒకటిన్నర సెన్లు నిద్ర పట్టనివ్వని ఋణం. దాసి కష్టార్జితం మూడు యెన్లు పద్దులోనే ఎక్కలేదు. ఋణం పైవాడికీ, సాటివాడికీ తీర్చవలసినది. కిందివాడికి వుండే బాకీకి ఆ భాషలో పేరు లేదో, పేరు వుండీ వ్యాఖ్యాతకు ఎవరూ చెప్పలేదో!

పద్దును పొలంలోకి తీసుకువెళితే సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. యుద్ధానికి ముందు జపానులో సాగుభూమి సుమారు 46 శాతం కౌలు కింద వుండేది. పంటలో సగం దాకా భూస్వామి గాదెకు పోయేది. మరి ‘ఓన్’ ఎవరిది, ఎవరి మీద? 1918 జూలైలో తొయామా తీరాన, ఉఒజు రేవులో జాలరి స్త్రీలు తమ బియ్యం ఓడకెక్కకుండా అడ్డుపడ్డారు. ఆ మంట దేశమంతా అంటుకొని సెప్టెంబరుకు తెరవుచి మంత్రివర్గం పడిపోయింది. 1929లో కొబయాషి తకిజి, పీతలు పట్టి డబ్బాల్లో నింపే ఓడమీద కూలీల సమ్మెను నవలగా రాశాడు. అందులో చక్రవర్తి పేరు చెప్పి పని పిండుకునే అధికారి వున్నాడు, యజమానికి కాపలాగా వచ్చిన నౌకాదళమూ వున్నది. 1933 ఫిబ్రవరి 20న టోక్యో పోలీసులు రచయితను చిత్రహింసలు పెట్టి చంపారు. ఆ ఏడాదే నవల ఇంగ్లీషు అనువాదం న్యూయార్కులో వెలువడింది. కనుక అమెరికా పాఠకుడికి రెండో జపాను దొరకకపోలేదు. రూజ్వెల్టు వంటివాడు పంచిపెట్టకపోవటమే దాని లోపం.

యుద్ధానంతరం 1948లో బెనెడిక్టు గ్రంథం జపాను భాషలోకి వెళ్ళి విరివిగా అమ్ముడుపోయింది. సైనికవాదుల మాటను జాతి మాటగా తీసుకున్నదని అక్కడి పండితులు 1950లో విమర్శించారు. ఈలోగా చరిత్ర తన వ్యాఖ్యానం తాను రాస్తున్నది. 1946లో మొదలైన భూసంస్కరణ నాలుగేళ్ళలో కౌలుభూమిని పదో వంతుకు దించింది. తరతరాల ‘ఓన్’ కోసం భూస్వామికి భూమి తిరిగి ఇస్తామన్న కౌలుదారుల కథ నేనెక్కడా చదవలేదు. 1947 ఫిబ్రవరి 1న జరగవలసిన సార్వత్రిక సమ్మెను ముందురోజే మెకార్థర్ నిషేధించవలసి వచ్చింది.

1958లో జేమ్స్ ఎబెగ్లెన్ అనే అమెరికను, జపాను కర్మాగారంలో కార్మికుడు జీవితాంతం ఒకే యజమాని దగ్గర వుంటాడనీ, ఇది పాత సమాజపు బంధమేననీ పుస్తకం రాశాడు. నా విద్యార్థి తెచ్చిన పుస్తకం చివరి పేజీకి ఇది తాత. మరుసటి ఏడాది డిసెంబరులో మీకె బొగ్గుగనుల్లో మిత్సుయి కంపెనీ సుమారు 1,200 మందిని తీసివేసింది. 1960లో నెలల తరబడి సమ్మె నడిచింది. ఆ జూను 10న, అధ్యక్షుడు ఐసెన్‌హోవరు రాకకు ఏర్పాట్లు చూడవచ్చిన ఆయన పత్రికా కార్యదర్శి హేగర్టీ కారును విమానాశ్రయం దగ్గర విద్యార్థులూ కార్మికులూ చుట్టుముట్టారు. హెలికాప్టరు వచ్చి ఆయనను ఎత్తుకుపోయింది. సైనిక ఒడంబడికకు వ్యతిరేకంగా పార్లమెంటు దగ్గర జరిగిన ప్రదర్శనలో 15వ తేదీన కాంబా మిచికొ అనే 22 ఏళ్ళ విద్యార్థిని చనిపోయింది. మరునాడు ఐసెన్‌హోవరు పర్యటన రద్దయింది.

నా విద్యార్థికి తకిజి నవల ఇంగ్లీషు ప్రతి ఇచ్చి పంపాను. 2008లో ఆ పాత నవల ఉన్నట్టుండి జపాను పుస్తకాల దుకాణాల్లో లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అప్పటికి అక్కడి ఉద్యోగుల్లో మూడోవంతు మంది స్థిరమైన కొలువు లేనివాళ్ళు. కొన్నవారిలో యువకులు చాలామంది. ఈ సంగతి చెబితే, “మా కంపెనీ వాళ్ళ ఆఫీసులో కాంట్రాక్టు వాళ్ళు ఎంతమంది వుంటారో వెళ్ళాక చూసి రాస్తానండీ” అన్నాడు. ఉత్తరం కోసం చూస్తున్నాను.