మేకు లేని పడవ

తొమ్మిదో తరగతిలో నా పక్క బెంచీ కుర్రాడి నాన్న పడవలు కుట్టేవాడు. ‘పడవని గోనెసంచిలా కుడతార్రా?’ అని నలుగురం నవ్వాం. వాడేమీ అనలేదు. ఇనుము తుప్పు పట్టకుండా చూడటమే ఉద్యోగంగా ముప్పై ఏళ్లు గడిచాక, ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

మనం దాగుడుమూతలాడిన డచ్చి సమాధుల్లో ఉన్నవాళ్లు ఇక్కడికి వచ్చింది ఓక్ చెక్క ఓడల్లో. ఓక్‌లో టానిన్ ఉంటుంది. మన పెద్దలు కరక్కాయా అన్నభేదీ కలిపి నల్లసిరా కాచేవారు కదా, తడిసిన ఓక్‌లో ఇనుప మేకు చుట్టూ జరిగేదీ అదే. చెక్క నల్లబడుతుంది, మేకు సన్నబడుతుంది. తుప్పు ఉబ్బి చెక్కను చీలుస్తుంది. రంధ్రం వదులై నీరు కారుతుంది. ఇంగ్లీషు ఓడ పనివాళ్లు దీన్ని మేకుల జబ్బు అన్నారు. మన టేకు నయం, అందులోని నూనె ఇనుమును కొంత కాపాడుతుంది.

ఓడ అడుగును తొలిచే పురుగుకు మందుగా 1761లో ఇంగ్లీషు నౌకాదళం ‘అలార్మ్’ అనే ఓడకు రాగిరేకు తొడిగింది. రెండేళ్లకు చూస్తే పురుగు లేదు గానీ, రేకును పట్టి ఉంచిన ఇనుప మేకులు చాలాచోట్ల కరిగిపోయాయి. ఉప్పునీటిలో రాగి, ఇనుము తగిలితే బలయ్యేది ఇనుమే. రేకులకు చుట్టివచ్చిన కాగితం చింపకుండా వదిలేసినచోట మాత్రం మేకులు బాగున్నాయి! బద్ధకం కాపాడిన మేకులవి. 1824లో హంఫ్రీ డేవీ ఈ సూత్రాన్నే తిరగేసి, ఇనుమును బలిచ్చి రాగిని కాపాడాడు. నేటికీ ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించేది ఆ లెక్కతోనే.

భీమిలిలో పెద్ద ఓడలు దూరంగా లంగరేసేవి. గోగునార మూటలైనా, మనుషులైనా కెరటాలు దాటాల్సింది మసూలా పడవల్లోనే. పలకల అంచుల్లో బెజ్జాలు వేసి, సందుల్లో గడ్డి కూరి, కొబ్బరితాడుతో బిగించి కుట్టేవారు. తుప్పుకు భయపడే ఇలా కుట్టారని నేననను. అసలు కారణం కెరటమే. ఇసుకమీద పడ్డప్పుడు మేకుల పడవ పగులుతుంది, కుట్టుపడవ వంగి ఊరుకుంటుంది. తాడూ చీకుతుంది, నిజమే. చీకితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. తుప్పు తిన్న మేకును పలక పాడుకాకుండా పీకడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇప్పుడు ఒడ్డున ఎటు చూసినా ఫైబర్ పడవలే. ఆ మావయ్య పోయి చాలా ఏళ్లయింది. స్వర్ణోత్సవానికి వాడొస్తున్నాడని విన్నాను. ముందు క్షమించమని అడగాలి. ఆ తర్వాత, తాడు బెజ్జంలోంచి నీరు కారకుండా వాళ్ల నాన్న ఏం చేసేవాడో అడగాలి.