పాత మోటారు సైకిళ్ల నుంచి కాలుష్య నియంత్రణ పరికరాల తొలగింపు: నిజామాబాద్ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

కీలకపదాలు: మోటారు సైకిల్, టూ-స్ట్రోక్ ఇంజను, కెటలిటిక్ కన్వర్టర్, ఉద్గార ప్రమాణాలు, వింటేజ్ వాహనం, నిజామాబాద్, బోధన్

ఉపోద్ఘాతం

డిచ్‌పల్లి మీదుగా సాగే 44వ జాతీయ రహదారిపైనా, నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఉన్న చెరకు ప్రాంతపు దారులలోనూ తిరిగే మోటారు సైకిళ్ల వయస్సును నంబరు పలకలే కొంతవరకు చెబుతాయి. ఏపీ 25 అన్నది ఉమ్మడి రాష్ట్ర కాలపు నిజామాబాద్ సంకేతం. టీఎస్ 16 అన్నది 2014 రాష్ట్ర విభజన తరువాతిది. టీజీ 16 అన్నది 2024 మార్చి తరువాతిది. అయితే ఆ బండి కర్మాగారం నుంచి ఏ కాలుష్య నియంత్రణ పరికరంతో వచ్చిందో, ఆ పరికరం ఇప్పటికీ ఉందో లేదో పలక చెప్పదు. పాత ఆర్‌సి పుస్తకంలోనూ ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్య ఉంటాయే గాని ఈ వివరం ఉండదు.

పాత బండిని విప్పి కొత్త రూపంలో మలిచేటప్పుడు ఈ పరికరాలను తొలగించడం పరిపాటి. దానికి చెప్పే సమర్థన ఒక్కటే: ఇంజనును దాని అసలు రూపానికి తీసుకువస్తున్నాం. ఈ సమర్థనకు చరిత్రలో ఉన్న ఆధారమెంతో, ఈ తొలగింపు ఇంతకాలం పట్టుబడకుండా ఎలా సాగిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పరికరం ఎప్పుడు వచ్చింది?

మన దేశంలో ద్విచక్ర వాహనాలకు కిలోమీటరుకు గ్రాముల లెక్కన ఉద్గార పరిమితులు 1991లో మొదలయ్యాయి. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌కు ఇచ్చిన అవకాశం 12 నుంచి 30 గ్రాముల వరకు ఉండేది. 1996లో అది 4.5 గ్రాములకు, 2000లో 2 గ్రాములకు, 2005లో 1.5 గ్రాములకు, 2010లో 1 గ్రాముకు తగ్గింది. ఈ అంకెలలో అసలు మలుపు 1996. టూ-స్ట్రోక్ ఇంజనులో లోపలికి వచ్చిన పెట్రోలు మిశ్రమంలో కొంత భాగం మండకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. దాని నిర్మాణంలోనే ఉన్న లోపమిది. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఉత్పత్తి 1996లో ఆగిపోవడాన్ని సాధారణంగా ఈ నిబంధనలతోనే ముడిపెడతారు. మైసూరులో జావా, యెజ్డీ బండ్లు తయారుచేసిన ఐడియల్ జావా కూడా అదే సంవత్సరం మూతపడింది.

మిగిలిన టూ-స్ట్రోక్ బండ్లు నిలబడడానికి సైలెన్సర్ లోపల కెటలిటిక్ కన్వర్టర్ అవసరమైంది. సీసం కలిసిన పెట్రోలు ఈ కన్వర్టర్‌ను పనికిరాకుండా చేస్తుంది. సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలలో మొదలైనా, దేశమంతటికీ చేరింది 2000 ఫిబ్రవరి 1న మాత్రమే. అంటే ఈ పరికరం జిల్లా పట్టణాలలో సక్రమంగా పనిచేయగల పరిస్థితి ఏర్పడిందే చాలా ఆలస్యంగా. ఫోర్-స్ట్రోక్ బండ్లలో పద్ధతి వేరు. ఎగ్జాస్ట్ దారిలోకి చిన్న కవాటం ద్వారా తాజా గాలిని పంపి, మండకుండా మిగిలిన వాయువులను అక్కడే మండిస్తారు. దీన్నే సెకండరీ ఎయిర్ వ్యవస్థ అంటారు.

కాబట్టి 1970ల నాటి బుల్లెట్‌లోగాని యెజ్డీలోగాని తొలగించడానికి చెప్పుకోదగిన పరికరమేదీ లేదు. తొలగింపు జరిగేది ప్రధానంగా 1996 తరువాతి కార్బురేటర్ బండ్లలో. కన్వర్టర్ ఉన్న బండికి ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్ బిగించినవారు తమ బండి అసలు రూపాన్ని కాక, మరో బండి రూపాన్ని పునరుద్ధరిస్తున్నారు. వ్యామోహంగా దీన్ని అర్థం చేసుకోవచ్చు గాని పునరుద్ధరణ అనలేము.

రెండు కొలతల మధ్య ఖాళీ

కొత్త నమూనాకు అనుమతి ఇచ్చేటప్పుడు బండిని ప్రయోగశాలలో నిర్ణీత క్రమంలో వేగం పెంచుతూ, తగ్గిస్తూ నడిపి, కిలోమీటరుకు వెలువడే వాయువులను తూకం వేస్తారు. రోడ్డు పక్కన పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు మాత్రం బండి నిలబడి ఉండగా, ఐడ్లింగ్‌లో, సైలెన్సర్‌లోకి గొట్టం పెట్టి శాతాన్ని చూస్తారు. 2004 అక్టోబరు నుంచి అమలైన పరిమితుల ప్రకారం 2000 మార్చి 31 లోపు తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం వరకు, ఆ తరువాతి వాటికి 3.5 శాతం వరకు ఉండవచ్చు.

ఈ రెండు కొలతలూ ఒకే విషయాన్ని కొలవవు. సైలెన్సర్ మార్చి, ఎయిర్ ఫిల్టర్ తెరిచిన ఇంజనుకు గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. పిస్టన్ వేడెక్కి పట్టేయకుండా మెకానిక్ పెద్ద మెయిన్ జెట్ వేస్తాడు. అయితే మెయిన్ జెట్ ప్రభావం యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడే కనిపిస్తుంది. ఐడ్లింగ్‌ను శాసించేది పైలట్ జెట్, దాని పక్కనున్న స్క్రూ. సెకండరీ ఎయిర్ కవాటాన్ని మూసేస్తే పరీక్షలో అంకె పెరుగుతుంది, నిజమే. స్క్రూను కొద్దిగా తిప్పితే అది మళ్లీ దిగుతుంది. బండి పరీక్షలో నెగ్గుతుంది. రోడ్డుపై నడిచేటప్పుడు వదిలేది ఎవరి లెక్కలోకీ రాదు. తొలగింపుకు ఆశ్రయమిచ్చింది ఈ ఖాళీయే. మెకానిక్ నైపుణ్యం కన్నా పరీక్షా పద్ధతి ఎంపికకే ఇందులో బాధ్యత ఎక్కువ.

ఇంకొక విషయం: సెకండరీ ఎయిర్ కవాటం పనిచేసేది దహనం ముగిసిన తరువాతి దారిలో. దాన్ని మూసినందువల్ల ఇంజను శక్తి చెప్పుకోదగినంత పెరగదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో వచ్చే టపటప శబ్దం తగ్గుతుంది, ఇంజను చూపుకు శుభ్రంగా కనిపిస్తుంది, అంతే.

చట్టం చెప్పే ‘వింటేజ్’

అమెరికాలో మోటారు సైకిళ్లకు సమాఖ్య ఉద్గార ప్రమాణాలు 1978 నమూనాలతోనే మొదలయ్యాయి. అందువల్ల అక్కడ పాత బండికి, తొలగించదగిన పరికరానికి ముడి ఉంది. మన దేశంలో ఆ ముడి లేదు. 2021 జూలైలో వచ్చిన కేంద్ర మోటారు వాహన నిబంధనల సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేని వాహనమే వింటేజ్. అంటే ఆ పేరుకు అర్హమైన బండికి పరికరం లేదు. పరికరం ఉన్న బండికి ఇంకా ఆ పేరు రాదు. ఆ రెండవ రకానికి సాధారణ చట్టమే వర్తిస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వ్యాఖ్యానిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని స్పష్టం చేసింది. అదే సంవత్సరం చేరిన 182ఎ(4) సెక్షన్ యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. బాధ్యత యజమానిదే. పని చేసిచ్చిన షెడ్డు పేరు ఈ ఉపసెక్షన్‌లో లేదు.

ఈ ఇంజన్ల ముందు ఇప్పుడు మరో సమస్య ఉంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసినప్పుడు, సెన్సర్లు లేని కార్బురేటర్‌లో మిశ్రమం మళ్లీ పలచబడుతుంది. మెకానిక్ చేతికి మళ్లీ పెద్ద జెట్ వస్తుంది. ఆ ఇథనాల్‌కు ముడిసరుకులలో ఒకటైన మొలాసిస్ చెరకు మిల్లు ఉప ఉత్పత్తి. 1930ల చివరలో నెలకొన్న బోధన్ శక్కర్‌నగర్ మిల్లు మాత్రం 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూతపడింది.