నిజాం షుగర్స్: ఆగిన ఫ్యాక్టరీని మళ్లీ నడపడం ఎందుకంత కష్టం? చిన్న వ్యాపారాలు ముందే చూసుకోవాల్సింది ఏంటి?

బోధన్‌లో ఫ్యాక్టరీని ఆనుకుని ఉన్న కాలనీ పేరు శక్కర్‌నగర్. పేరులోనే చక్కెర ఉంది. కానీ 2015 తర్వాత అక్కడ గానుగ ఆడలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా "ఫ్యాక్టరీ తెరుస్తాం" అనే మాట వినిపిస్తుంది. తెరవాలంటే తాళం తీస్తే సరిపోదా? సరిపోదు. ఎందుకో తెలిస్తే, నిజామాబాద్ మార్కెట్‌లో పసుపు వ్యాపారికీ, రైస్ మిల్లు నడిపే ఓనర్‌కూ అదే లెక్క పనికొస్తుంది.

అసలేం జరిగింది?

మంజీరపై నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. ఆ నీళ్లను నమ్ముకునే 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. ఫ్యాక్టరీకి వేల ఎకరాల సొంత చెరుకు పొలాలు ఉండేవి. తర్వాత నిజాంసాగర్‌లో పూడిక పెరిగింది. పైన సింగూరు కట్టాక మంజీర నీళ్లు హైదరాబాద్ తాగునీటికీ వెళ్లాయి. ఒకే నీటి వనరు మీద నడిచే పరిశ్రమకు ఇది మొదటి దెబ్బ. అది ఒక్కరోజులో తగిలింది కాదు, ఏళ్ల తరబడి మెల్లగా తగిలింది.

2002లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు ఇచ్చింది. నిజాం దక్కన్ షుగర్స్ పేరుతో బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు నడిచాయి. 2015 డిసెంబర్‌లో యాజమాన్యం లేఆఫ్ ప్రకటించింది. 2017లో కేసు దివాలా చట్టం కిందకు వెళ్లింది. ఫ్యాక్టరీని నిలబెట్టే ప్లాన్ కుదరలేదు. 2019 జూన్‌లో హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ కోసం మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. తప్పెవరిది అనే పంచాయితీ రాజకీయంగా ఇప్పట్లో తేలేది కాదు. దాన్ని పక్కనబెట్టి లెక్క చూద్దాం.

మెషీన్లు కాదు, చెరుకు కావాలి

తుప్పు పట్టిన మెషీన్లను డబ్బు పెడితే మార్చొచ్చు. రోజుకు 2,500 టన్నులు ఆడే ఓ మామూలు ఫ్యాక్టరీ 120 రోజులు నడవాలంటే 3 లక్షల టన్నుల చెరుకు కావాలి. ఎకరాకు 30 టన్నులు వేసుకున్నా 10 వేల ఎకరాలు. నరికిన చెరుకు రోజు దాటితే బరువూ, తీపీ తగ్గుతూ పోతాయి. కాబట్టి అదంతా ఫ్యాక్టరీకి దగ్గర్లోనే పండాలి.

ఇక విత్తనం. ఎకరం నాటడానికి 3 టన్నుల వరకు చెరుకు ముక్కలు పోతాయి. పది వేల ఎకరాలకు 30 వేల టన్నులు. అంటే వెయ్యి ఎకరాల చెరుకు కేవలం విత్తనం కోసమే పెంచాలి. దానికో ఏడాది, అసలు పంటకు ఇంకో ఏడాది. ఈలోపు రైతు ఊరుకుంటాడా? ఫ్యాక్టరీ ఆగగానే బోధన్ చుట్టుపక్కల వరి పెరిగింది. నాలుగైదు నెలల్లో చేతికొచ్చే వరిని వదిలి, ఏడాది పంట వేయమంటే "పోయినసారి ఏమైంది?" అని అడుగుతాడు. ఆ నమ్మకం తిరిగి సంపాదించడమే అన్నిటికంటే కష్టమైన పని.

డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది?

చక్కెర వ్యాపారంలో సంక్షోభం పుట్టేది ఇక్కడే. 2025-26 సీజన్‌కు కేంద్రం ఇచ్చిన ఎఫ్‌ఆర్‌పీ, 10.25 శాతం రికవరీకి, క్వింటాల్‌కు 355 రూపాయలు. పై లెక్కలో 3 లక్షల టన్నులకు దాదాపు 106 కోట్లు. చెరుకు అందిన 14 రోజుల్లో రైతుకు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. ఇది 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు. మరి చక్కెర? 2018 నుంచి ఏ నెల ఎంత అమ్మాలో కేంద్రమే కోటా ఇస్తోంది. నాలుగు నెలల్లో కొన్న సరుకుకు డబ్బు ఏడాదంతా విడతలుగా వస్తుంది.

మధ్యలో బ్యాంకు అప్పు లేకుండా బండి నడవదు. ఒక్క సీజన్ రైతు బాకీ పడితే మరుసటి ఏడాది చెరుకు తగ్గుతుంది. చెరుకు తగ్గితే టన్నుకు ఖర్చు పెరుగుతుంది, బ్యాంకు వెనకాడుతుంది. పసుపు కొని శీతల గిడ్డంగిలో పెట్టి ధర కోసం చూసే వ్యాపారి పరిస్థితీ చిన్న సైజులో ఇదే.

మూతపడితే ఎవరికి ముందు?

లిక్విడేషన్‌లో ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు పంపకానికి దివాలా చట్టం సెక్షన్ 53లో వరుస ఉంది. ముందు ప్రక్రియ ఖర్చులు. తర్వాత కార్మికుల 24 నెలల బాకీలు, తాకట్టు హక్కు వదులుకున్న బ్యాంకుల అప్పులు సమానంగా. ఆ తర్వాత ఇతర ఉద్యోగుల 12 నెలల జీతాలు. తాకట్టు లేకుండా సరుకు అరువిచ్చినవాళ్లు చాలా కిందన ఉంటారు.

ఇక్కడే ఓ మెలిక. ఆ 24 నెలలు లిక్విడేషన్ మొదలైన తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తారు. బోధన్‌లో లేఆఫ్ 2015లో, ఆదేశం 2019లో. మధ్యలో మూడున్నరేళ్లు! ఆలస్యం ఎంత పెరిగితే పాత జీతం బాకీ ఆ కిటికీలోంచి అంత బయటికి జారుతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల సొమ్ము మాత్రం లిక్విడేషన్ ఆస్తిలో కలవదు.

చిన్న వ్యాపారాలకు ఉన్న దారులు

అప్పు కిస్తీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ. కానీ బ్యాంకు మొదటి రోజు నుంచే గమనిస్తుంది. 30 రోజుల వరకు ఎస్‌ఎంఏ-0, 60 వరకు ఎస్‌ఎంఏ-1, 90 వరకు ఎస్‌ఎంఏ-2. మాట్లాడాల్సింది ఈ మూడు నెలల్లోనే. 25 కోట్ల లోపు అప్పున్న ఎంఎస్‌ఎంఈలు ఇబ్బంది రాబోతోందని తామే బ్యాంకుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆర్‌బీఐ నిబంధనల్లో ఉంది. బ్యాంకు కమిటీ చూసి గడువు సర్దడమో, అప్పును రీస్ట్రక్చర్ చేయడమో తేలుస్తుంది. చాలామంది పరువు పోతుందని చివరిదాకా ఫోన్ ఎత్తరు, అప్పటికి ఈ తలుపు మూసుకుంటుంది.

అది దాటినా 2021లో వచ్చిన ప్రీ-ప్యాక్ పద్ధతి ఉంది. కనీసం 10 లక్షల బకాయి ఉన్న ఎంఎస్‌ఎంఈ కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలకు ఇది వర్తిస్తుంది. ముందే అప్పులిచ్చినవాళ్లతో ఒప్పందం చేసుకుని ఎన్‌సీఎల్‌టీకి వెళ్లాలి, మొత్తం గడువు 120 రోజులు. ఆ సమయంలో సంస్థ నిర్వహణ సాధారణంగా ఓనర్ చేతిలోనే ఉంటుంది. మామూలు దివాలా ప్రక్రియలో అలా ఉండదు.

రావాల్సిన డబ్బు మీదా కన్నేయాలి. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపే చెల్లించాలి. లేదంటే ఫిర్యాదు చేయొచ్చు. దీనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కావాలి. సరుకు అమ్మిన తర్వాత చేసుకుంటే పాత బిల్లులకు చిక్కులొస్తాయి.

2025 ఆగస్టులో కామారెడ్డిని ముంచిన వానల్లాంటివి వస్తే మరో లెక్క. 5 కోట్ల లోపు ఆస్తులున్న దుకాణాలు, మిల్లులకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీ 2021 నుంచి ఉంది, వరద నష్టం కూడా అందులో వస్తుంది. స్టాక్ విలువను తక్కువ చూపి ప్రీమియం ఆదా చేస్తే, తేడా 15 శాతం దాటినప్పుడు క్లెయిమ్‌లో కోత పడుతుంది. మిల్లు ఆగిన రోజుల్లో పోయిన లాభం ఈ పాలసీలో రాదు, దానికి వేరే కవర్ తీసుకోవాలి. ఇక స్టాక్ రిజిస్టర్, కొనుగోలు బిల్లులు నీళ్లపాలైతే సర్వేయర్‌కు చూపించడానికి ఏమీ మిగలదు. వాటి ఫొటోలు ప్రతి వారం ఇంకో ఊళ్లో ఉన్న మనిషి ఫోన్‌కు వాట్సాప్ చేసినా చాలు.