తొంభైలో ఐదు

ఇటలీ తీరంలోని జెనోవా అప్పట్లో రాజు లేని రాజ్యం. 1576లో అక్కడ పాలన పద్ధతి మార్చుకున్నాక, పాలకమండలిలో ఖాళీ అయ్యే ఐదు స్థానాలకు పెద్దింటివాళ్ల పేర్లు రాసి చీటీలు తీసేవాళ్లు. ఆ ఐదుగురూ ఎవరవుతారోనని ఊళ్లో పందేలు మొదలయ్యాయి. మొదట 120గా ఉన్న పేర్లు తర్వాత 90కి తగ్గాయి. కొన్నాళ్లకు పందెగాళ్లకు పదవులతో పనిలేకుండా పోయింది. పేర్ల బదులు ఒకటి నుంచి తొంభై దాకా అంకెలు, వాటిలోంచి ఐదు. జెనోవా లాటరీ అలా పుట్టింది.

ఇంతకీ తొంభైలోంచి ఐదు ఎన్ని రకాలుగా రావచ్చు? మొదటి అంకెకు 90 దారులు, రెండోదానికి 89, ఆపైన 88, 87, 86. అన్నీ గుణిస్తే 527 కోట్ల 39 లక్షల 12 వేల 160. ఇవి ప్రస్తారాలు. కానీ పందెం కాసినవాడికి 7 ముందొచ్చిందా, 83 ముందొచ్చిందా అన్నది అక్కర్లేదు. అవే ఐదు అంకెలు 120 వరుసల్లో రావచ్చు కాబట్టి ఒకే గుంపును 120 సార్లు లెక్కేశామన్నమాట. ఆ 120తో భాగిస్తే మిగిలేవి 4 కోట్ల 39 లక్షల 49 వేల 268. ఇవి సంయోగాలు. ఈ భాగహారమే మొత్తం లెక్కకు ప్రాణం.

దీని సూత్రం జెనోవా కంటే ఎంతో పాతది. 850 ప్రాంతంలో గణితజ్ఞుడు మహావీరుడు ‘గణితసారసంగ్రహం’లో దీన్ని చెప్పి, ఆరు రుచులను ఎన్ని విధాలుగా కలపొచ్చని ప్రశ్న వేశాడు. ఒక్కొక్కటిగా, రెండేసి, మూడేసి కలుపుతూ పోతే 63. ఆరూ కలిసే ఆ ఒక్కటీ మన ఉగాది పచ్చడి! ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు.

లాటరీలో ఐదు అంకెలూ చెప్పాలని లేదు, రెండు చెప్పినా పందెమే. తొంభైలో జంటలు 4,005. వచ్చిన ఐదు అంకెల్లో ఉండే జంటలు పది. అంటే దాదాపు 400కి ఒక్క అవకాశం. 1758లో పారిస్‌లో సైనిక పాఠశాల ఖర్చుల కోసం ఈ లాటరీ పెట్టినప్పుడు (దాన్ని నిలబెట్టినవాళ్లలో కాసనోవా ఒకడు) జంట తగిలితే ఇచ్చింది 270 రెట్లు. సారికో నాణెం చొప్పున 400 సార్లు కాస్తే, సగటున ఒకసారి 270 తిరిగొస్తాయి. మిగతా 130 లాటరీ పెట్టినవాళ్లవే.

బెర్లిన్‌లో ప్రష్యా రాజు ఫ్రెడెరిక్‌కు 1749లో ఇలాంటి ప్రతిపాదనే వస్తే, లెక్క చూడమని తన అకాడమీలో ఉన్న గణితజ్ఞుడు ఆయిలర్‌కు పంపాడు. అక్కడ లాటరీ మొదలయింది 1763లో. కానీ ఆయిలర్ మనసు రాబడి దగ్గర ఆగలేదు. డ్రాలో 12, 13 లాగా పక్కపక్క అంకెలు రావడం ఎంత మామూలు సంగతి అని అడిగి, దానిమీద ఒక వ్యాసమే రాశాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది.

గింజలతో చూస్తే ఆ లెక్క కళ్లకు కడుతుంది. రాని 85 అంకెలకు 85 చింతగింజలు వరుసగా పేర్చండి. మధ్యలో సందులు 84, రెండు కొసలూ కలిపితే 86 చోట్లు. వచ్చిన ఐదు అంకెలకు ఐదు గురివింద గింజలు తీసుకోండి. చోటుకు ఒక్కటి మించకుండా పెడితే ఏ రెండూ ఆనుకోవు. 86 చోట్లలోంచి ఐదు ఎంచుకునే విధాలు 3 కోట్ల 48 లక్షల 26 వేల 302. మొత్తం సంయోగాల్లోంచి ఇవి తీసేయగా మిగిలిన 91 లక్షల 22 వేల 966లో పక్కపక్క అంకెలు తప్పకుండా ఉంటాయి. నూరు డ్రాలు తీస్తే సుమారు ఇరవై ఒకటి అలాంటివే.