పట్టా పుచ్చుకున్న తర్వాత

కళాశాల స్నేహాల సినిమాలు సాధారణంగా వీడ్కోలు సభతో ముగుస్తాయి. ఆ మర్నాటి సంగతేమిటన్నది నాకు చిరకాలంగా ఉన్న సందేహం. దానికి సమాధానం జపాను దర్శకుడు యసుజిరో ఓజు తీసిన తొలినాటి మూకీలలో దొరికింది.

ఓజు పేరు చెప్పగానే అందరూ తలచుకునేది 1953 నాటి 'టోక్యో స్టోరీ'ని. అంతకు పాతికేళ్ళ ముందు ఆయన వరసగా విద్యార్థుల కథలు తీశాడు. విచిత్రమేమంటే ఆయన విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. ప్రవేశపరీక్ష తప్పి, ఒక పల్లెబడిలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, 1923లో షోచికు సంస్థలో చేరాడు.

నేడు లభ్యమవుతున్న ఆయన చిత్రాలలో మొదటిది 1929 నాటి 'యవ్వనపు రోజులు'. ఇద్దరు మిత్రులు, ఒకే అమ్మాయి, మంచు మీద జారుడాటలు. అంతా నవ్వులాటే. అదే ఏడు వచ్చిన 'పట్టభద్రుణ్ణయ్యాను, కానీ...'లో నవ్వు సన్నగిల్లింది. జపానులో చదువుకున్నవారికి కొలువులు కరవైన కాలమది. ఆ చిత్రంలో నేడు మిగిలినది పట్టుమని పావుగంటైనా లేదు. 1930 నాటి 'తప్పాను, కానీ...'లో నాయకుడు చొక్కా వీపున జవాబులు రాసుకుంటాడు. పరీక్షనాటికి ఆ చొక్కా కాస్తా చాకలికి వెళ్ళిపోతుంది! తప్పినవాడు హాయిగా కళాశాలలోనే ఉండగా, నెగ్గినవారు పనిలేక అతణ్ణి చూసి అసూయపడతారు.

వీటన్నిటికీ పరాకాష్ఠ 1932 నాటి 'యవ్వన స్వప్నాలు ఇప్పుడెక్కడ?'. నలుగురు మిత్రులలో ఒకడు తండ్రి మరణించగా చదువు మాని సంస్థకు అధిపతి అవుతాడు. తక్కిన ముగ్గురూ అతని వద్దే ఉద్యోగులవుతారు. ఆ ముగ్గురిలో ఒకడు, తాను పెళ్ళాడబోయే అమ్మాయిని యజమాని కోరుకుంటున్నాడని తెలిసి, కిక్కురుమనకుండా వదులుకోవడానికి సిద్ధపడతాడు. ఆ దైన్యం భరించలేక యజమాని అతణ్ణి చెంపలు వాయిస్తాడు. అవి స్నేహం కోసం కొట్టిన దెబ్బలు.

ఈ ఘట్టం నన్ను కుదిపివేసింది. పట్టా పుచ్చుకున్న రెండేళ్ళకు నాకు ఉద్యోగం ఇప్పించినవాడు, మూడేళ్ళు నాతో ఒకే గదిలో ఉండి ఒకే కంచంలో తిన్న మిత్రుడే. కొలువులో చేరిన నాటినుంచి "ఒరేయ్" అని పిలవడం మానేశాను. "మీరు" అనడం మొదలుపెట్టాను. అతడు వద్దని ఒక్కమాట అనలేదు, నేనూ మానలేదు. ఇద్దరం మర్యాదగా దూరమయ్యాము.

ఓజు నాయకుడిలా ఆనాడు అతడు నా చెంప పగలగొట్టి ఉంటే ఎంత బాగుండేదో! మీకు అటువంటి మిత్రుడు ఉన్నాడా?